ఓనర్ గడిలో పేరు

పాస్‌వర్డులన్నీ గోడకే అంటించి ఉన్నాయి. పసుపుపచ్చ కాగితం ముక్కల మీద ఎవరి చేతిరాతలో వాళ్ళు రాసుకున్నవి. కొన్ని సగం ఊడి ఫ్యాను గాలికి రెపరెపలాడుతున్నాయి. జ్యోత్స్న చాలా స్టూడియోలు చూసింది గానీ, తాళంచెవులన్నీ గుమ్మానికే వేలాడదీసుకున్న ఇలాంటి ఇంటిని చూడలేదు.

"ఇన్ని రోజులు ఎట్ల పని చేసిన్రండి?" అంది నవ్వాపుకుంటూ.

"దేవుడి దయ," అన్నాడు జాన్సన్, చెవుల మీది హెడ్‌ఫోన్లు మెడలోకి లాక్కుంటూ. "అదిగో, ఆ మూలది ఊడిపడిందంటే పాటలు ఆగిపోతాయి. దాని పక్కది పడితే సబ్‌టైటిళ్ళు. అందుకే ఎంత ఉక్కపోసినా ఫ్యాను రెండు దాటనివ్వం."

ఖాజాగూడ పాత ఇళ్ళ మధ్య లేచిన మేడలో పై అంతస్తు అది. పిల్లలకు బొమ్మల కథలు తీసే చిన్న స్టూడియో. ఉన్నది ముగ్గురే. కిరణ్ పాల్ ఆర్డర్లు తెస్తాడు. జాన్సన్ మాటలూ పాటలూ చూస్తాడు. జాస్మిన్ బొమ్మలు గీసి వాటిని నడిపిస్తుంది. గీయడానికొక సాఫ్ట్‌వేర్, కత్తిరించి అతకడానికొకటి, సంగీతానికొకటి, ఫైళ్ళు దాచుకోవడానికొకటి. ప్రతిదానికీ నెలనెలా చందా. ఏది ఎవరి మెయిలు మీద ఉందో, ఏది ఎప్పుడు ఆగిపోతుందో ఎవరికీ తెలియదు.

ఈ చిక్కు విప్పడమే జ్యోత్స్న ఉద్యోగం. ఆమె పనిచేసే కంపెనీ పేరు 'మూట'. హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడలో, నాలుగు బల్లలంత చోటులో నడుస్తుంది. వీడియోలు తీసేవాళ్ళ చందాలన్నిటినీ ఒకే చందా కిందికి, ఒకే లాగిన్ కిందికి తెచ్చిపెడుతుంది. జ్యోత్స్న వాళ్ళ గదికే వెళ్ళి, పక్కన కూర్చుని, ఒక్కొక్క ఖాతానీ మార్పించి వస్తుంది. చేరి ఇంకా ఏడాది తిరగలేదు. అయినా నొక్కడానికి జంకే వాళ్ళచేత నొక్కించడంలో ఆఫీసు మొత్తంలో ఆమెకు సాటి లేరు.

ల్యాప్‌టాప్ తెరిచింది. మొదటి పేజీలో రెండు గడులుంటాయి. బిల్లు కట్టేది ఎవరు, ఓనర్ ఎవరు. ఎప్పటిలాగే రెండింట్లోనూ ఒకే పేరు కొట్టింది. కిరణ్ పాల్. ఎవరినీ అడగలేదు. ఎక్కడా అడగదు. వెనక టవల్ వేసిన కుర్చీ ఎవరిదో చూసుకుంటే చాలు.

ఆ తర్వాత పని చకచకా సాగింది. పాటల ఖాతా జాన్సన్ బావమరిది పేరు మీద ఉంది. అతనికి ఫోన్ చేసి, క్షేమసమాచారాలు అడిగి, అతని ఫోనుకు వచ్చిన ఓటీపీ నంబరు చెప్పించుకున్నారు. కత్తిరింపుల ఖాతా జాన్సన్‌దే. దాచుకునేది కిరణ్ పాల్‌ది. ఒక్కో ఖాతా మూటలోకి రాగానే జ్యోత్స్న లేచి వెళ్ళి గోడమీద ఆ కాగితం ముక్కను పీకి చేతిలో ఉండ చుట్టేది. ఆ పీకే చప్పుడంటే ఆమెకు ఇష్టం.

"మూటలమ్మ గోడంతా ఖాళీ చేసేస్తోంది," అన్నాడు జాన్సన్. "ఇంక సున్నం వేయించొచ్చన్నా."

కిరణ్ పాల్ నవ్వుతూ కుర్చీలో వెనక్కి వాలాడు. నలభై దాటిన మనిషి. మెత్తగా మాట్లాడతాడు. ఎవరొచ్చినా ముందు టీ చెప్పించి ఆ తర్వాతే సంగతి అడుగుతాడు. ఇప్పుడు టీ అందరికంటే ముందు జ్యోత్స్నకే అందించి అడిగాడు.

"అంతా అయ్యాక అన్నీ నా దగ్గరే కనిపిస్తాయి కదమ్మా?"

"అన్నీ సార్. ఎవ్వరి ఫోనుకూ నంబర్ల కోసం చూసే పనుండదు."

"రేపు జాన్సన్ మానేసినా, జాస్మిన్ సిస్టర్ మానేసినా పని ఆగదు."

"ఆగనే ఆగదు సార్. మూటల అదే గొప్ప." రోజూ చెప్పే మాట కాబట్టి నోట్లోంచి అలా వచ్చేసింది.

కిటికీ దగ్గర కూర్చున్న జాస్మిన్ తలెత్తలేదు. కంప్యూటరుకు తగిలించిన పలక మీద పెన్ను ఆనించి మేకపిల్ల మోకాలు సరిచేస్తోంది. తెరమీద ఆ మోకాలు మడిచి, చాపి, మళ్ళీ మడిచి చూసుకుంది. ఎక్కడో ఒక వెంట్రుకవాసి తేడా. మళ్ళీ గీసింది. తెల్ల మేకపిల్ల, ఒక చెవి నిక్కి, ఒక చెవి వాలి. ఊళ్ళో సగం మంది చంటిపిల్లలు ఆ మేకపిల్లను చూపిస్తేనే ముద్ద మింగుతారని జ్యోత్స్నకు తెలుసు. వాళ్ళక్క కూతురు అందులో ఒకతె.

గోడమీద ఒక్క కాగితమే మిగిలింది. గీసే సాఫ్ట్‌వేర్‌ది. జ్యోత్స్న కుర్చీ జరుపుకుని జాస్మిన్ పక్కకు చేరింది.

"ఇది మీ పేరు మీద లేదండి. ఎం. దీనమ్మ, నర్సింగ్ కాలేజీ అని చూపిస్తుంది."

జాస్మిన్ ముఖం ఎర్రబడింది. "మా అత్తయ్యండి. నర్సింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేవారు. టీచర్లకయితే తక్కువకిస్తారని, అప్పట్లో ఆవిడ కాలేజీ మెయిలుతో తీసుకున్నాను. నంబరు కూడా ఆవిడ ఫోనుకే వస్తుంది. ఇప్పుడు రిటైరైపోయారు. ఈ వారంతో పాతవాళ్ళ మెయిళ్ళన్నీ తీసేస్తామని కాలేజీ వాళ్ళు చెప్పారు."

"తీసేస్తే?"

"బొమ్మల్ని కాపీ చేసుకోవచ్చు గానీ, కీళ్ళు రావు." మేకపిల్ల మోకాలు చూపించింది. "ఎక్కడ మడవాలో, ఎంత మడవాలో అంతా ఆ ఖాతాలోనే ఉంది. కీళ్ళు లేకపోతే ఉత్త కాగితం బొమ్మలే. క్రిస్మస్ కథలు ఇంకా సగం ఉన్నాయి."

"ఫికర్ చేయకండి. రేపు మీ అత్తమ్మ దగ్గరికి పోయి మార్పిచ్చుకుందాం."

జాస్మిన్ కాసేపు పెన్నును వేళ్ళ మధ్య తిప్పింది. తర్వాత టవల్ కుర్చీ వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి అడిగింది. "మార్చేటప్పుడు నా బొమ్మలకేం కాదుగా అండీ? ఈ మేకపిల్ల వయసులో స్టూడియో కంటే పెద్దది. దీన్ని నేను పెళ్ళికి ముందు నుంచీ గీస్తున్నాను."

"ఏం కాదండి. ఒక్క నొక్కుడే," అంది జ్యోత్స్న.

* * *

గోపన్‌పల్లిలో ఆ అపార్ట్‌మెంటు యూనివర్సిటీ గోడకు ఎదురుగా ఉంది. మధ్యాహ్నం భోజనాల వేళ దాటింది. గోడ అవతల చెట్లలోంచి నెమలి అరుపు వినిపిస్తోంది. దీనమ్మ తలుపు తీసి, లోపలికి రమ్మని చేత్తో సైగ చేసి, మళ్ళీ తన పనిలోకి వెళ్ళిపోయింది. సోఫాలో కూర్చున్న పక్కింటావిడకు బీపీ చూస్తోంది. గాలి మెల్లగా వదిలి, పట్టీ విప్పి, మడతపెట్టి పెట్టెలో పెట్టింది.

"మాత్ర మానేశావు కదూ?"

"లేదు దీనమ్మగారూ..."

"నీ చెయ్యి నిజం చెప్తోంది, నీ నోరు చెప్పట్లేదు. వెళ్ళి వేసుకుని పడుకో."

ఆవిడ వెళ్ళిపోయాక దీనమ్మ చేతులు కడుక్కుని వచ్చి కూర్చుంది. అరవై దాటినా వీపు నిటారుగా ఉంది. జాస్మిన్ మంచినీళ్ళు తెచ్చి జ్యోత్స్నకిచ్చి, అత్తగారి పక్కన స్టూలు మీద కూర్చుంది. వచ్చిన పనేమిటో జ్యోత్స్న చెప్పింది.

"అయితే ఇన్నేళ్ళూ మా కాలేజీ మెయిల్లో నేను మేకల్ని పెంచానన్నమాట," అంది దీనమ్మ. "ఎప్పుడో ఏదో నంబరు చెప్పమంది, చెప్పాను. అది దీని కోసమని నాకేం తెలుసు!"

"సారీ అత్తయ్యా."

"సారీలెందుకే? మేకలు బాగానే ఉన్నాయిగా?"

జ్యోత్స్న నవ్వుతూ ల్యాప్‌టాప్‌ను బల్ల మీద తిప్పింది. తెరమీద సన్నటి అక్షరాల పేజీ. కింద నీలం రంగు బొత్తాం. "ఇగో, మీ ఫోనుకు ఒక నంబరొస్తది మేడం. అది చెప్పి, ఇక్కడ ఒక్కసారి నొక్కితే అయిపోతది."

ఫోను టింగుమంది. దీనమ్మ ఫోను తీసింది, కళ్ళజోడు పెట్టుకుంది, నంబరు చూసింది. చెప్పలేదు.

"పైన ఏముంది?"

"ఎప్పుడూ ఉండేదే మేడం. కండిషన్లు."

"చదువు."

"ఇంగ్లీషుల చాలా పెద్దగ ఉంది. ఎవ్వరూ చదవరు."

"నువ్వు చదివావా?"

జ్యోత్స్న గ్లాసు కింద పెట్టింది. రోజూ చూసే పేజీ. బొత్తాం ఎక్కడుందో కళ్ళు మూసుకుని చెప్పగలదు. పైన ఏముందో మాత్రం చెప్పలేదు.

"అమ్మాయ్, నేను ఆపరేషన్ థియేటర్ దగ్గర చాలాకాలం చేశాను," అంది దీనమ్మ. గొంతులో కోపమేమీ లేదు. "ఆపరేషన్‌కు ముందు ఒప్పుకున్నట్టు సంతకం పెట్టించుకునే పని నాదే. కాగితం ఇంగ్లీషులో ఉండేది. నేను తెలుగులో చదివేదాన్ని. ఒక వాక్యం చదివి ఆగి, ఏం అర్థమైందమ్మా అని అడిగేదాన్ని. తన మాటల్లో సరిగ్గా తిరిగి చెప్తేనే తర్వాతి వాక్యం. డాక్టర్లు విసుక్కునేవాళ్ళు. విసుక్కుంటే విసుక్కున్నారు. నా దగ్గర చదివిన పిల్లలకూ అలాగే నేర్పాను. నువ్వూ అలాగే చదువు. నాకు కాదు, నా కోడలికి. కోసేది దాన్ని."

జాస్మిన్ ఇబ్బందిగా నవ్వింది. "అత్తయ్యా, ఆవిడకు లేటవుతుంది."

"ఫరవాలేదండి," అంది జ్యోత్స్న. పని తొందరగా తెములుతుందనుకుని ల్యాప్‌టాప్‌ను తన వైపు తిప్పుకుంది.

మొదటి వాక్యం తేలిక. ఒకే లాగిన్, ఒకే చందా. జాస్మిన్ తిరిగి చెప్పింది. రెండోదీ తేలికే. మూడోది ఇంగ్లీషులో నున్నగా జారిపోతోంది గానీ తెలుగులోకి రానంటోంది. జ్యోత్స్న రెండుసార్లు మొదలుపెట్టి ఆగింది. ఆఫీసు మాటలు వదిలేసి, ఇంట్లో మాట్లాడినట్టు చెప్పుకుపోయింది.

"టీంల ఉన్నోళ్ళు చేసిన పని మొత్తం... ఇంతకు ముందు చేసిందైనా, ఇగ చేసేదైనా... ఓనర్ కిందికి వస్తది. టీంల నుంచి ఎవరన్న పోతే, వాళ్ళు చేసింది వాళ్ళ వెంట పోదు. ఓనర్ దగ్గరనే ఉంటది. దాన్ని ఎవరితోని చేయించాల్నో ఓనర్ ఇష్టం."

చెప్పడం అయ్యాక గానీ తన మాటలు తనకు వినపడలేదు.

దీనమ్మ కోడలి వైపు తిరిగింది. "ఏం అర్థమైంది?"

జాస్మిన్ ఒడిలో చేతులు కలుపుకుంది. బొటనవేలి పక్కన, పెన్ను ఆనే చోట, చర్మం గట్టిపడి మెరుస్తోంది. దాన్ని మెల్లగా రుద్దుకుంటూ చెప్పింది.

"నేను మానేస్తే మేకపిల్ల ఇక్కడే ఉండిపోతుంది. వేరేవాళ్ళు దాన్ని నడిపిస్తారు." ఆగింది. "నేను బయట గీస్తే... అప్పుడు అది నాది కాదు."

"సరిగ్గా చెప్పిందా?" దీనమ్మ అడిగింది జ్యోత్స్నను.

"సరిగ్గనే చెప్పింది."

నెమలి మళ్ళీ అరిచింది. దీనమ్మ తెరమీదికి వంగి వేలుతో చూపించింది. "ఈ ఓనర్ అన్న గడిలో కిరణ్ పాల్ అని ఎవరు రాశారు?"

"నేనే రాసిన."

"అతను రాయమన్నాడా?"

జ్యోత్స్న గుర్తు చేసుకోవడానికి ప్రయత్నించింది. గుర్తుకు రావడానికేమీ లేదు. "లేదు మేడం. అడగకముందే రాసిన. బిల్లు ఆయనే కడతడు కదా అని."

"బిల్లు గడి వేరే ఉందిగా పైన?"

"ఉంది."

"మా వార్డులో పేషెంటు ఒకరు, డబ్బు కట్టేవాడు ఒకరు. ఎప్పుడూ ఒకే మనిషి కాదు." దీనమ్మ కళ్ళజోడు తీసి ఫోను పక్కన పెట్టింది. "నేను నంబరు చెప్పాలా వద్దా అన్నది మీరిద్దరూ తేల్చుకోండి. నేను టీ పెడతాను."

జాస్మిన్ తెర మీద ఆ పేరు వైపు చూసింది. "కిరణన్న మంచివాడేనండి. పాప పుట్టినప్పుడు ఇంటికి కంప్యూటరు పంపించి, ఇక్కడి నుంచే చేసుకోమన్నాడు."

జ్యోత్స్నకు టవల్ కుర్చీలోంచి వచ్చిన మాట నాలుక చివరి దాకా వచ్చింది. సిస్టర్ మానేసినా పని ఆగదు. మింగేసింది. అతని మనసులో ఏముందో తనకు తెలియదు. పేజీలో ఏముందో తెలుసు. అది చదివింది.

"మంచోడే కావచ్చండి. నేను చదివింది మంచోళ్ళకు కూడ అట్లనే ఉంటది," అంది. "ఆ గడి మార్చొచ్చు. మీ పేరు పెట్టొచ్చు. బిల్లు ఆయనదే ఉంటది. ఆయన, జాన్సనన్న టీంల ఉంటరు. పని అట్లనే నడుస్తది. కానీ బొమ్మల పెట్టె మీ దగ్గర ఉంటది."

"అలా చేస్తారా ఎవరైనా?"

"నేనెప్పుడూ చేయలే. ఎవరూ అడగలే." తర్వాత అసలు నిజం చెప్పింది. "నేనూ అడగలే."

* * *

"ఓనర్‌ను మారుస్తావా?" అన్నాడు దినేష్ మర్నాడు పొద్దున ఆఫీసులో. మూట కంపెనీ పెట్టిన ఇద్దరిలో అతనొకడు. కాఫీ కప్పుతో ఆమె బల్ల పక్కనే నిలబడ్డాడు. "కిరణ్ పాల్ మన కస్టమర్. మనతోని సంతకం చేసింది ఆయన. నువ్వు పోయి ఆయన స్టూడియోనే ఇంకొకరి పేరు మీద పెడ్తవా?"

"స్టూడియో కాదు దినేష్. లాగిన్. ఆయనకు చెప్పకుండ ఏం చేయను. రేపు పోయి చదివి వినిపిస్త."

"చదువుతవా?" అతనికి నవ్వొచ్చింది. "ఏంది జ్యోత్స్నా, మనం అమ్మేదే సింపుల్. చదివితే సింపుల్ ఎట్లయితది? నీ పని మూట కట్టుడు, పురాణం చెప్పుడు కాదు."

"లోపలేమున్నదో చెప్పకుండ కడితే ఎట్ల?"

"ఆయన ఒద్దంటే?"

"పోతడు."

"ఈ నెల నీ టార్గెట్ల అదొక్కటే మిగిలింది. అది పోతే నిన్ను పర్మనెంట్ చేయమని నేను అడగలేను. గుర్తుందా?"

గుర్తుంది. మియాపూర్ నుంచి మెట్రోలో వస్తున్నంతసేపూ అదే ఆలోచించింది. తేలింది ఒక్కటే. ఆ పేజీని ఇప్పుడు చదవకుండా ఉండడం ఆమెకు చేతకాదు. బొత్తాం వైపు చూసినా పైనున్న వాక్యాలు తెలుగులో వినిపిస్తున్నాయి.

"గుర్తుంది," అంది. "రేపు పదింటికి పోతున్న."

* * *

శుక్రవారం స్టూడియో గోడ దాదాపు ఖాళీగా ఉంది. కిటికీ పక్కన ఆ ఒక్క కాగితమే. ఫ్యాను నాలుగు మీద తిరుగుతోంది. కిరణ్ పాల్ టీ చెప్పించాడు.

"అయిపోయిందా అమ్మా? అత్తగారు నంబరు చెప్పారా?"

"ఇంక చెప్పలే సార్. ఒక మాట మీకు చదివి వినిపించాల."

"చదవక్కర్లేదులే. ఎక్కడ నొక్కాలో చెప్పు."

"చదివినాక చెప్త సార్."

ఆ గొంతులో ఏం విన్నాడో, అతను చేతిలోని ఫోను పక్కన పెట్టాడు. జ్యోత్స్న నిలబడే చదివింది. ఒక్కో వాక్యం, తెలుగులో. టీంలో ఉన్నవాళ్ళు చేసిందంతా ఓనర్ కిందికి వస్తుందన్నచోట ఆగి, "ఏం అర్థమైంది సార్?" అని అడిగింది.

"ఏంటమ్మా, పరీక్షా?" నవ్వాడు. ఎవరూ నవ్వకపోయేసరికి చెప్పాడు. "బొమ్మలన్నీ నావవుతాయి."

"అవును సార్. ఆ గడిలో మీ పేరు నేనే రాసిన. ఎవ్వరినీ అడగలే, నాది తప్పు. ఇప్పుడు అడుగుతున్న. ఓనర్ గడిలో ఎవరి పేరు రాయమంటరు?"

జాన్సన్ హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. జాస్మిన్ పెన్ను పక్కన పెట్టి కుర్చీ ఇటు తిప్పింది.

"నా పేరు రాయించుకుంటానన్నా. తీసిన వీడియోలన్నీ స్టూడియోవే, మీరు ఎక్కడైనా అమ్ముకోండి. బొమ్మలు మాత్రం నా దగ్గరుంటాయి."

కిరణ్ పాల్ ఆమె వైపు తిరిగాడు. "నీకేం తక్కువ చేశాను సిస్టర్?"

"ఏమీ తక్కువ చేయలేదన్నా. అందుకే మీ ముందే అడుగుతున్నాను."

అతను లేచి కిటికీ దాకా వెళ్ళాడు. ఇళ్ళ మధ్య సందులోంచి చెరువు ముక్క కనిపిస్తోంది. అవతల రాళ్ళ గుట్ట మీద ఎండ. "మొన్న ఒక కంపెనీ వాళ్ళొచ్చారు," అన్నాడు అటే చూస్తూ. "మేకపిల్లను మాకిచ్చేయండి, మా మనుషులతో గీయించుకుంటాం అన్నారు. నేనింకా ఏమీ చెప్పలేదు." ఇటు తిరిగి, "సరేననేవాణ్ణేమో," అన్నాడు.

జాస్మిన్ చెవుల దాకా ఎర్రబడింది.

"నేను ఒప్పుకోకపోతే?" ఈసారి జ్యోత్స్నను అడిగాడు.

"మూట ఇక్కడితోనే ఆపేస్త సార్. మిగతావి మీవి మీకు తిరిగి ఇచ్చేస్త. ఇదొక్కటి ఆమె వేరేగ ఆమె పేరు మీద మార్పిచ్చుకుంటది, అది ఎట్లనో నేనే చూపిస్త."

"మీ కంపెనీకేం మిగులుతుంది?"

"ఏం మిగలదు సార్."

కిరణ్ పాల్ వెనక్కి వచ్చి తెరమీదికి వంగాడు. జాస్మిన్ అడిగినట్టు జ్యోత్స్న సరిచేసి పెట్టిన పేజీ అది. ఓనర్: జాస్మిన్. సభ్యులు: జాన్సన్, కిరణ్ పాల్.

"నా స్టూడియోలో నేను సభ్యుణ్ణా?"

"నేనూ సభ్యుణ్ణేగా అన్నా," అన్నాడు జాన్సన్. "ఓ నాలుగు రోజులు చిన్నతనంగా ఉంటుంది. తర్వాత అలవాటైపోతుంది."

కిరణ్ పాల్ ముఖంలో కోపం మొదలై, మధ్యలోనే దారి తప్పింది. ఊపిరి వదిలాడు. కుర్చీ లాక్కుని, వెనకున్న టవల్ జారి కిందపడినా చూసుకోకుండా కూర్చున్నాడు. పై నుంచి కింది దాకా ఆ పేజీని తనే చదువుకున్నాడు, పెదాలు కదుపుతూ. తర్వాత నొక్కాడు.

జాస్మిన్ అత్తగారికి ఫోన్ చేసింది. ఫోనులో దీనమ్మ ముందు అడిగిన మాట అందరికీ వినిపించింది. "అతనికి చదివారా?" చదివామంటే అప్పుడు నంబరు చెప్పింది, ఒక్కో అంకె విడిగా, మందు మోతాదు చెప్పినట్టు.

జ్యోత్స్న ల్యాప్‌టాప్ మూసి సంచీలో పెట్టుకుంది. దినేష్‌కు ఏం చెప్పాలో మెట్రోలో ఆలోచించుకోవచ్చు. మూట కట్టడమైతే అయింది. అతను అనుకున్నట్టు కాలేదు. ఉద్యోగం ఉంటుందో లేదో సోమవారం తెలుస్తుంది. ఆశ్చర్యంగా ఆకలి వేస్తోంది.

చెప్పులు వేసుకుంటుండగా వెనక కిరణ్ పాల్ గొంతు వినిపించింది. క్రిస్మస్ కథలో మేకపిల్ల పరుగెత్తే చోటు ఒకటి క్లయింటుకు చూపించాలట. ఫైలు తెరవబోయాడు. తెరుచుకోలేదు. జాస్మిన్ తెర మూలలో చిన్న గంట మోగింది. 'కిరణ్ పాల్ అనుమతి అడుగుతున్నారు' అని దాని పక్కన పడింది.

ఆమె అప్పటికే పనిలో పడింది. మేకపిల్ల వాలిన చెవిని గీస్తోంది, కింది నుంచి పైకి, పలక మీంచి పెన్ను ఎత్తకుండా. గది మొత్తం ఆగింది. కిరణ్ పాల్ చేతులు ఒళ్ళో పెట్టుకుని, తన వంతు కోసం కూర్చున్న మనిషిలా, ఆ గీత వైపే చూస్తున్నాడు.

జాస్మిన్ చెవి కొనదాకా గీత పూర్తిచేసింది. వంకర వచ్చిందేమోనని తల వాల్చి చూసుకుంది. అప్పుడు అనుమతి ఇచ్చింది.